మేపుల్ చెట్టు బెల్లం

మొన్న మా ఇంట్లో హాలు గోడలకి అంటించిన పాత కాగితం పీకించాం. పనివాడు ఆవిరి మిషన్ ఒకటి తెచ్చి గోడకి ఆనించి పట్టుకుంటే, లోపలి జిగురు కరిగి కాగితం పొరలు పొరలుగా ఊడివచ్చింది. తడి కాగితం, ఉడికిన జిగురు కలిసి ఇల్లంతా ఒక వాసన. ఎవరైనా ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం నోట్లో నీళ్లూరాయి. సోఫాలో కూర్చున్న మా అమ్మ నావైపు చూసి, "నాకూ అదే గుర్తొచ్చిందే" అంది. ఇద్దరం పగలబడి నవ్వాం. పనివాడు పాపం తనని చూసే నవ్వుతున్నామనుకుని చొక్కా సర్దుకున్నాడు.

ఇప్పుడు మేముండేది న్యూజెర్సీలో, మనవాళ్ల కొట్లు వరసగా ఉండే ఐసెలిన్‌కి పది నిమిషాల దూరంలో. బెల్లం కావాలంటే చెప్పులేసుకుని వెళ్లి అచ్చు బెల్లమో పొడి బెల్లమో ఏది కావాలంటే అది తెచ్చుకోవచ్చు. నా చిన్నప్పుడు ఆ భోగం లేదు. న్యూయార్క్ రాష్ట్రం పై కొసన, కెనడాకి కూతవేటు దూరంలో ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. మా ఊరికి తెలుగువాళ్లం మేమొక్కళ్లమే. ఇంకో అయిదారు కుటుంబాలు గంట గంటన్నర డ్రైవ్‌లో ఉండేవి. బెల్లం ఎవరి సూట్‌కేసులోనైనా రావలసిందే, వచ్చిందాన్ని అమ్మ అల్మారా పైఅరలో దాచి, మా చేతికి అందకుండా ముందు కందిపప్పు డబ్బా అడ్డం పెట్టవలసిందే.

నాన్న కాగితం మిల్లులో ఇంజనీరు. అమ్మ హాస్పిటల్ ల్యాబ్‌లో షిఫ్టులు చేసేది. ఒకరు కారు తాళాలు గుమ్మంలో ఇంకొకరి చేతికిచ్చి వెళ్లేవారు. మా ఇంట్లో మనుషులకంటే ఫ్రిజ్ మీది చీటీలే ఎక్కువ మాట్లాడుకునేవి. "పప్పు లోపల ఉంది, వేడి చేసుకోండి." "చిన్నాడికి దగ్గు మందు." "కారులో గ్యాస్ లేదు, నన్ను తిట్టొద్దు." నేనూ తమ్ముడూ బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండేవారు కాదు. తాళంచెవి నా మెళ్లో వేలాడుతూ ఉండేది.

ఒక ఏడు, ఆకులు రాలే కాలంలో, అమ్మ వాళ్ల నాన్న వచ్చాడు. ఆ రోజుతో నా మెళ్లోంచి తాళంచెవి పోయింది. మా తాతయ్యది అనకాపల్లి దగ్గర ఊరు. నలభై ఏళ్లు బెల్లం వండిన మనిషి. పాకం వచ్చిందో లేదో చూడడానికి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బండి కట్టి తీసుకెళ్లేవాళ్లట. అలాంటివాడు మా ఊరొచ్చి, రెండు స్వెట్టర్లు, కోతిటోపీ, వాటి మీద నాన్న పాత ఓవర్‌కోటూ వేసుకుని, చలికాలమంతా కిటికీ దగ్గర కూర్చున్నాడు. బస్సు దిగుతుంటే కిటికీ అద్దంలో ఆ కోతిటోపీ కనిపించేది. లోపలికి రాగానే మా బూట్లు విప్పి, మంచు దులిపి, హీటర్ పక్కన పెట్టి, అటుకుల్లో ఇంత బెల్లం, పాలు కలిపి ఇచ్చేవాడు. కందిపప్పు డబ్బా వెనక ఏముందో వచ్చిన రెండో రోజే కనిపెట్టేశాడు.

ఆ చలికాలం నాకు ఎంత వెచ్చగా గడిచిందో చెప్పలేను. ఆయనకి మాత్రం గడవలేదు. ఫిబ్రవరి చివర్లో ఒకరోజు అన్నం తింటూ మా నాన్నతో అనేశాడు.

"మంచు కరిగేక నాకు టికెట్టు తీయించీండి బాబూ. ఎళిపోతాను."

"అదేంటి మామయ్యగారూ? వీసా ఎక్స్‌టెండ్ చేయిద్దాం అనుకున్నాం కదా, ఇంకో ఆర్నెల్లు."

"ఇక్కడ నాకేటి పనుంది చెప్పండి? తినీడం, కూకోడం. ముసిలోణ్ని చేసీసింది మీ ఊరు."

నేను కలిపిన ముద్ద పళ్లెంలోనే వదిలేశాను. మళ్లీ మెళ్లో తాళంచెవి, మళ్లీ ఖాళీ ఇల్లు. తొమ్మిదేళ్లదాన్ని, నాకు తోచిందల్లా ఒకటే. తాతయ్యకి పని కావాలి. పని దొరికితే ఉండిపోతాడు.

ఆ పని పక్కింటి చెట్టుకి వేలాడుతూ దొరికింది. పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవాడు, ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన రైతు. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే ఆ రోజుల్లో మేపుల్ చెట్లకి చిన్న చిల్లులు పెట్టి, గొట్టం బిగించి, కింద బకెట్ తగిలించేవాడు. తాతయ్య కిటికీలోంచి రెండు రోజులు అదే పనిగా చూశాడు.

"ఏటే పాపా, ఆ ముసిలాయన కల్లు గీస్తన్నాడేటి?"

"కల్లు అంటే ఏంటి తాతయ్యా?"

"నీకెందుకులే. మంచోడనుకున్నాను గాని."

ఆ మధ్యాహ్నం పెద్దాయన మమ్మల్ని పిలిచి తలో కప్పు చెట్టునీరు ఇచ్చాడు. చల్లగా, నీళ్లలాగే ఉండి, చివర్లో నాలిక మీద కాస్త తీపి. మా తమ్ముడి నోట్లో నువ్వుగింజ నానదు. పరుగెత్తుకెళ్లి తాతయ్యకి చెప్పేశాడు. ఆయన కంగారుగా వచ్చి నా నోరు వాసన చూశాడు. అమ్మ డ్యూటీ నుంచి రాగానే గుమ్మంలోనే పంచాయితీ.

"ఒలమ్మా, నీ కూతురు కల్లు తాగీసింది!"

అమ్మ పర్స్ కింద పెట్టకుండానే గోడకి ఆనుకుని నవ్వడం మొదలెట్టింది. అంతగా నవ్వగా ఆ చలికాలంలో నేను చూడలేదు. మర్నాడు తాతయ్యని చేయి పట్టుకుని పక్కింటికి లాక్కెళ్లాను. పెరట్లో రేకుల షెడ్డు, లోపల ఇటుకల పొయ్యి, దాని మీద మంచమంత వెడల్పు పళ్లెం. పెద్దాయన రసం మరగబెడుతున్నాడు. తెల్లటి ఆవిరి. తాతయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. కోతిటోపీ తీసేశాడు. కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చి, "ఇది బెల్లం పొయ్యే" అన్నాడు.

మా పెరట్లోనూ నాలుగు ముసలి మేపుల్ చెట్లున్నాయి. అప్పటిదాకా అవి మాకు ఆకులు రాల్చి చాకిరీ చేయించే చెట్లు మాత్రమే. పెద్దాయన గొట్టాలూ బకెట్లూ అప్పిచ్చాడు. తాతయ్య రోజుకి నాలుగుసార్లు పెరట్లోకి వెళ్లి రావడం మొదలెట్టాడు. టికెట్టు మాట ఎత్తలేదు. నేను లోలోపల గంతులు వేశాను.

అయితే చెప్పకుండా చేసిన పని ఒకటుంది. మూడు రోజుల రసం పోగయ్యాక ఒక శుక్రవారం, అందరం బయటికి వెళ్లగానే, ఆయన అమ్మ పెద్ద గిన్నెలన్నీ దించి స్టవ్ మీది నాలుగు మంటలూ వెలిగించాడు. చలి కదా, కిటికీ ఒక్కటీ తెరవలేదు. తాతయ్య ఊళ్లో బెల్లం పొయ్యికి గోడలుండవు, పైన తాటాకుల కప్పు ఒక్కటే. ఆవిరి ఎటు పోతుందో నలభై ఏళ్లలో ఆయన ఆలోచించవలసిన పనే పడలేదు.

మేం బడి నుంచి వచ్చేసరికి కిటికీల వెంట నీళ్లు కారుతున్నాయి. కప్పు నుంచి చినుకులు. వంటింటి గోడల మీద పసుపుపచ్చ పువ్వుల కాగితం ఉండేది. అమ్మ రెండు షిఫ్టులు ఎక్కువ చేసి, తానే కుర్చీ ఎక్కి, తానే అంటించుకున్న కాగితం. అది పైనుంచి వంగి, నేలకి దండం పెడుతోంది. తాతయ్య గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు, ముఖమంతా చెమట, ముఖమంతా సంతోషం. గోడలు చూడనే లేదు. నిజం చెప్పాలంటే, ఊడని చోట మేమిద్దరం మరికాస్త లాగాం. చాలా సరదాగా ఊడింది.

అమ్మ వచ్చింది. ఊడిన కాగితం కొస ఒకటి చేత్తో పట్టుకుని చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఒక్కరోజు, నాన్నా. ఇంటికొచ్చాక నాకు పని ఉండని రోజు ఒక్కటైనా ఉండకూడదా?"

తాతయ్య అప్పుడు చూశాడు గోడలని. మంటలన్నీ ఒకటొకటిగా ఆపేశాడు. "తప్పయిపోయిందమ్మా" అన్నాడు. గరిటె కడిగి బోర్లించి తన గదిలోకి వెళ్తూ, "టికెట్టు తీయించీండి" అన్నాడు. గిన్నెల్లో మిగిలింది అటు నీరూ కాదు, ఇటు పాకమూ కాదు. అమ్మ గోడవైపు తిరిగి ఏడ్చింది. నేను బాత్రూమ్‌లో ఏడ్చాను.

మర్నాడు మా నాన్న కాగితం మీద ఏవో గీతలు గీసి తెచ్చి తాతయ్య ముందు పెట్టాడు.

"తప్పు మీది కాదు మామయ్యగారూ, వెంటిలేషన్‌ది. బయట కట్టుకుందాం. సిమెంట్ బ్లాకులు మిల్లు నుంచి తెస్తాను. ఆ పొయ్యి నోరు ఎటు పెట్టాలో కొంచెం చెప్పండి."

తాతయ్య చాలాసేపు ఆ గీతలకేసి చూసి, "గాలి ఎటు నించొస్తాది ఈ పెరట్లోకి?" అని అడిగాడు.

ఆ తర్వాతి శనివారం లాంటి రోజు మా ఇంట్లో మళ్లీ రాలేదు. మంచు చాలామటుకు కరిగింది. పెరట్లో నల్లగా మురికిపట్టిన కుప్పలు మాత్రం మూలల్లో మిగిలాయి. కరిగిన మంచు కింద నుంచి చలికాలమంతా పోయిన వస్తువులన్నీ బయటపడ్డాయి. నా ఎడమచేతి గ్లవ్, తమ్ముడి ఫైరింజను, నాన్న ఎవరో దొంగిలించారని తీర్మానించిన స్క్రూడ్రైవర్. ఎండు గడ్డి, కుళ్లిన ఆకులు, వాటి మధ్య తడిమట్టి వాసన. పోయినేడు ఆకులు ఊడ్వకుండా బద్ధకించిన ఫలితం అదంతా. "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే" అంటూ నాన్న దంతె పట్టి లాగుతున్నాడు. మంచు బరువుకి విరిగిన కొమ్మలన్నీ మేం ఏరి తెస్తే అవన్నీ పొయ్యిలోకే. తాతయ్య పంచె ఎగ్గట్టి, దానికింద నాన్న పొడుగు పాంటు, కాళ్లకి మంచు బూట్లు, ఆ వేషంలో రాజులా నిలబడి అందరికీ పనులు పురమాయించాడు.

"అల్లుడుగారూ, మంట ఎక్కువైపోతంది. పాపా, సన్నపుల్లలు తే. చిన్నోడా, దూరం జరుగు."

పక్కింటి పెద్దాయన తన పాత పళ్లెం మోసుకొచ్చాడు. అసలు తగువు సాయంత్రం మొదలైంది. రసం బంగారం రంగుకి తిరగగానే ఆయన చాలు, దించెయ్యమంటాడు. వాళ్లకి కావలసింది తేనెలాంటి పాకం, అంతే. తాతయ్య దించనివ్వడు. ఆయన ఇంగ్లీషులో అరుస్తాడు, ఈయన అనకాపల్లి తెలుగులో అరుస్తాడు. మాడిపోతుందని ఆయన, నాకు నేర్పుతావేటని ఈయన. నాన్న ట్రాన్స్‌లేట్ చెయ్యబోతే ఇద్దరూ కలిసి ఆయన్ని తప్పుకోమన్నారు. ఆఖరికి పెద్దాయన గరిటెతో కాస్త పాకం తీసి మంచుకుప్ప మీద పోశాడు. తాతయ్య కాస్త తీసి చన్నీళ్ల గిన్నెలో వేశాడు. ఇద్దరూ వంగి, వేళ్లతో నొక్కి చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాకం చూసే పద్ధతి ఇద్దరిదీ ఒకటే. ఆ తర్వాత పెద్దాయన తాతయ్య పక్కన నిలబడి తెట్టు తీస్తూ ఉండిపోయాడు.

అమ్మకి ఆ రోజు సెలవు. పొద్దున్నంతా వంటింటి కిటికీలోంచే చూసింది. తర్వాత టీ తెచ్చింది. ఆ తర్వాత కుర్చీ తెచ్చుకుని పొయ్యి పక్కనే కూర్చుంది. తాతయ్య ఒక పుల్లకి పాకం చుట్టి, ఊది చల్లార్చి ఆమెకిచ్చాడు.

"చిన్నప్పుడు ఎంతేడ్చినా పొయ్యి దగ్గరికి రానివ్వలేదు నన్ను" అంది అమ్మ.

"కాల్తాదని భయమమ్మా."

"ఇప్పుడు కాలదా?"

"ఇప్పుడు నువ్వే నాకు చెప్పీదానివైపోయావు కదా."

అమ్మ పుల్ల చప్పరిస్తూ ఆయన భుజానికి తల ఆనించింది. వాళ్లిద్దరి రాజీ అంతే, మాటల్లో ఇంకేమీ లేదు. రెండు డ్రమ్ముల రసం పొద్దుగుంకేవేళకి మూడు స్టీలు గిన్నెల్లోకి వచ్చింది. "ఇంత రసం మా గానుగలో అయితే నాలుగు పెద్ద దిమ్మలు దిగును. పీనాసి చెట్టు!" అన్నాడు తాతయ్య. కానీ చల్లారాక గిన్నె బోర్లించి, ఊడిన బెల్లాన్ని అరచేతిలో పెట్టుకుని తట్టి చూసినప్పుడు ఆయన ముఖం చూడాలి. కాస్త పొగ వాసన, ముదురు రంగు, కొరికితే ఇసుకలా కరిగేది. ఒక అచ్చు పక్కింటికి వెళ్లింది. ఒకటి ఉగాది పచ్చడికి. మామిడికాయ బదులు పుల్లటి ఆపిల్, అమ్మమ్మ కట్టి పంపిన ఎండు వేపపువ్వు, కొత్త బెల్లం. అంత దూరం డ్రైవ్ చేసుకొచ్చిన తెలుగువాళ్లందరూ వేళ్లు నాకారు.

ఇక తాతయ్య ఎక్కడికీ వెళ్లడని నా లెక్క. పండగ మర్నాడు ఆయన దోసె తింటూ, నవ్వుతూ, "బాబూ, టికెట్టు ఏ రోజుకి దొరుకుతాది?" అని అడిగాడు.

నేను పళ్లెం నెట్టేసి పెరట్లోకి పరుగెత్తాను. ఆయన వెనకే వచ్చాడు.

"ఉంటానన్నావు!"

"ఎప్పుడన్నానే? నువ్వే అనుకున్నావు."

"పని ఉంది కదా ఇప్పుడు. వచ్చే ఏడు మళ్లీ చెయ్యొచ్చు."

ఆయన నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. "చలికాలమంతా నా పని అయిపోయిందనుకున్నాను పాపా. చేతులు పడిపోయినట్టుండీది. మొన్న పొయ్యి దగ్గర నిలబడితే తెలిసింది, నేనింకా ముసిలోణ్ని అవలేదు. అక్కడ నా పొయ్యి నాకోసం ఉంది కదే. నువ్వే చూపించావు నాకు."

అంటే ఉంచుకుందామని నేను చూపించిందే ఆయన్ని పంపించేస్తోంది. తొమ్మిదేళ్ల బుర్రకి అది ఎక్కలేదు. నాకు కోపం వచ్చింది, అంతే.

ప్రయాణం నాలుగు రోజులుందనగా తాతయ్య పాస్‌పోర్టు కనబడలేదు. ఇల్లు పీకి పందిరి వేశాం. నాన్న మిల్లుకి సెలవు పెట్టి చెత్తసంచులన్నీ పెరట్లో గుమ్మరించాడు. అమ్మ కాన్సులేట్‌కి ఫోన్ చేసి, గంటసేపు లైన్లో ఉండి, షిఫ్టుకి లేటయి, ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుంది. నేనూ మంచం కింద దూరి వెతికాను. నా అంత బాగా ఎవరూ వెతకలేదు. పాస్‌పోర్టు నా మంచు బూటులో ఉంది మరి.

చలికాలం పోయాక మా బూట్ల ఉప్పుమరకలు కడిగి, ఆరబెట్టి, లోపల పాత పేపరు కుక్కి బేస్‌మెంట్‌లో వరసగా పెట్టింది తాతయ్యే. మళ్లీ మంచు పడేదాకా వాటిని ఎవరూ ముట్టరని నా ధీమా. మూడో రోజు ఆయన నన్ను బేస్‌మెంట్‌లోకి పిలిచాడు. చేతిలో నా బూటు ఉంది.

"నేను పేపరు మడిచి కుక్కుతాను. ఇది నలిపి కుక్కిన పేపరు" అన్నాడు.

నేను నేలకేసి చూస్తూ నిలబడ్డాను. ఆయన పాస్‌పోర్టు తీసి జేబులో వేసుకున్నాడు. నలిగిన పేపరు విప్పి, చక్కగా మడిచి, మళ్లీ కుక్కి బూటు వరసలో పెట్టాడు. నా తల మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఉంచి, మెట్లెక్కి పైకి వెళ్లాడు. ఆయన గొంతు కింద నిలబడ్డ నాకు వినిపిస్తూనే ఉంది.

"దొరికిందమ్మా. నా కోటు లోపలి జేబులోనే ఉంది. నేనే పెట్టీసి మర్చిపోయాను. ముసిలోణ్నయిపోయాను కదా, బుర్ర పనిచేస్తే కదా."

అందరూ అమ్మయ్య అనుకున్నారు. నేను పైకి వెళ్లి చెప్పవలసింది. వెళ్లలేదు.

ఆ మాట అక్కడితో ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. తాతయ్య వెళ్లాక అమ్మ తనకి తెలిసినవాళ్లందరికీ చెప్పేది, "మా నాన్నకి మతిమరుపు మొదలైందండీ." ఆయన ఉత్తరాలు వస్తే నాలుగుసార్లు చదివేది. ఒకే సంగతి రెండుసార్లు రాస్తే చాలు, ముఖం మాడిపోయేది. ఆయన ఇంకో పదేళ్లు బెల్లం వండాడు. పొయ్యి దగ్గర కూర్చునే, మధ్యాహ్నం మంచినీళ్లు అడిగి, తాగకుండానే పోయాడు. మతిమరుపు ఆయన దగ్గరికి కూడా రాలేదని అక్కడివాళ్లు చెప్పినా అమ్మ నమ్మలేదు. వాళ్లు తనని ఓదార్చడానికి అంటున్నారనుకుంది. నేను నోరు విప్పలేదు. చిన్నప్పుడు భయం, పెద్దయ్యాక సిగ్గు, ఆ తర్వాత ఇంతకాలం ఎందుకు దాచావంటే ఏం చెప్పాలో తెలియకపోవడం.

మొన్న పనివాడు వెళ్లిపోయాక అమ్మ మళ్లీ ఆ సంగతులన్నీ తవ్వింది. తగువు, పాకం, ఉగాది పచ్చడి, అన్నిటికీ నవ్వాం. ఆఖర్న ఆమె గొంతు తగ్గింది.

"ఒక్కటే నాకు తీరని దిగులు. పాస్‌పోర్టు ఎక్కడ పెట్టాడో తెలియని మనిషిని, మూడు విమానాలు మారాలి, ఒక్కణ్నే పంపేశాను. డ్యూటీ అని. లీవ్ దొరకదని. దార్లో ఎంత భయపడ్డాడో, ఎవర్నీ అడగలేక."

నాకు యాభై దాటాయి. తొమ్మిదేళ్లదానిలాగే నేలకేసి చూస్తూ చెప్పాను. బూటు సంగతి, నలిగిన పేపరు సంగతి, ఆయన నా తల మీద చెయ్యి పెట్టిన సంగతి, అన్నీ.

అమ్మ నన్ను తిట్టలేదు. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, ముఖంలో మాత్రం ఏదో తేలికపడింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, తనకి తానే చెప్పుకుంటున్నట్టు అంది.

"అయితే మా నాన్న బాగానే ఉండి వెళ్లాడన్నమాట."